గండికోట పోయొచ్చాం, సెల్ఫీలే మిగిలాయి. పిల్లలకు ఊరి చరిత్ర ఎట్లా చెప్పాలి?

సోషల్ మేడమ్, జమ్మలమడుగు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. జమ్మలమడుగు దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు సోషల్ చెప్తాను. పోయిన డిసెంబర్లో నలభై రెండు మందిని గండికోటకు తీసుకెళ్ళాను. మాకు పదిహేను కిలోమీటర్లే అయినా సగం మంది అంతవరకు చూడలేదు. ముందురోజు రాత్రి కూర్చుని నోట్సు రాసుకున్నా. కోటను ఏలిన పెమ్మసాని నాయకులు, వాళ్ళ నుంచి దాన్ని పట్టుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లా, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి, ఏదీ వదల్లేదు. జామా మసీదు ముందర నిలబెట్టి ఇరవై ఐదు నిమిషాలు గొంతు పోయేలా చెప్పాను. వాళ్ళ ధ్యాసంతా లోయ మీదే. "మేడమ్, అయిపోయిందా, పోదామా?" అని ఒకడు అడిగేశాడు కూడా.

మరుసటి రోజు ఒక పేజీ రాయమన్నాను. ముప్పై మందికి పైగా ఇదే: "గండికోట చాలా అందమైన ప్రదేశం. దీనిని గ్రాండ్ కాన్యన్ ఆఫ్ ఇండియా అంటారు. మేము పులిహోర తిన్నాము." ఒకడు కోతుల గురించి పేజీ నింపాడు. నిజం చెప్పాలంటే అదే బాగుంది.

తొమ్మిదో తరగతి పిల్లోడు ఒకడు మాత్రం బస్సు దిగుతూ అడిగాడు. "మేడమ్, అంత ఎత్తులో కోట కట్టుకున్నారు గదా, కింద ఏరు అంత లోతులో ఉంది. నీళ్ళు ఎట్లా తెచ్చుకున్నారు?" నా నోట్సులో అది లేదు. "చెరువు ఉండేదిలే" అని దాటేశాను. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

రెండో సంగతి. మా ఊరి ఆంజనేయస్వామి గుడి వెనక ఒక రాయి ఉంది. పైన సూర్యుడు, చంద్రుడు, కింద అక్షరాలు. ఊళ్ళో వాళ్ళు నిధి గుర్తు అంటారు. దాని మొదట్లో రెండుసార్లు ఎవరో తవ్వారు కూడా. పిల్లలు "అదేంది మేడమ్?" అంటే నాకు చదవడం రాదు. ఇట్లాంటి వాటితో పాఠం చెప్పిన వాళ్ళు ఎవరైనా ఉంటే, ఎట్లా మొదలుపెట్టారో చెప్పండి.

లెక్కల సార్, పులివెందుల

తప్పుగా అనుకోవద్దు మేడమ్. సిలబస్ ఎప్పుడు పూర్తి చేస్తారు? టెన్త్ పేపర్లో మీ ఊరి రాయి మీద ప్రశ్న రాదు గదా. ఏడాదికొకసారి ట్రిప్పు, ఫోటోలు, రిపోర్టు. నా మటుకు అది చాలు.

రిటైర్డ్ సోషల్ సార్, ప్రొద్దుటూరు

అమ్మా, బాధపడొద్దు. నేను ముప్పై ఒక్క ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యాను. మొదటి పదేళ్ళు మీరు చేసిందే చేశాను, మీకంటే పెద్ద గొంతుతో.

నా గొంతు ఎక్కడ ఆగిపోయిందో చెప్తా. ఎర్రగుంట్ల మండలం కలమల్ల తెలుసు కదా, థర్మల్ పవర్ స్టేషన్ పక్క ఊరు. అక్కడి చెన్నకేశవ సిద్ధేశ్వర గుడి ఆవరణలో ఉన్నదే మనకు దొరికిన వాటిలో మొట్టమొదటి తెలుగు శాసనం. రేనాటి (రేనాడు అంటే మన ఈ ప్రాంతం పాత పేరు) చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. పిల్లలను చుట్టూ నిలబెట్టి "క్రీ.శ. 575" అని మొదలుపెట్టాను. ఎనిమిదో తరగతి పాప ఒకతి రాయి చుట్టూ తిరుగుతా ఉంది. "ఏమ్మా, వినవా?" అన్నాను. "సార్, 575 ఏ పక్క రాసుందో చూస్తన్నా" అంది.

లేదు. ఆ రాయి మీద ఏ సంవత్సరమూ లేదు. నేను బోర్డు మీద ఎన్నో ఏళ్ళు రాసిన అంకె రాతి మీద లేదని ఆ పాప వెతికే దాకా నాకు తట్టలేదు. పండితులు అక్షరాల వాటం చూసి, తేదీలున్న వేరే శాసనాలతో పోల్చి, సుమారు 575 అని తేల్చారు. ఆ "సుమారు"ను పాఠ్యపుస్తకాల వాళ్ళూ నేనూ కలిసి మింగేశాం.

అక్షరాల వాటం చూసి కాలం ఎట్లా చెప్తారని మళ్ళీ అదే పాప. దానికి ఒక ఉపాయం చేశాను, మీరూ చేయండి, ఖర్చు లేదు. ఇళ్ళల్లో ఉన్న పాత పెళ్ళి శుభలేఖలు తెమ్మన్నాను. అవ్వా తాతలవి, అమ్మా నాయనలవి, మొన్నటి అన్నలవి. తేదీల మీద కాగితం అంటించి, వరసగా పేర్చమన్నాను. అరసున్నలు, బండి ఱలు ఉన్నవి ఒక పక్కకు పోయాయి, కంప్యూటర్ అక్షరాలు ఒక పక్కకు. కాగితాలు పీకి చూస్తే రెండు మూడు తప్ప అన్నీ సరిగ్గానే వచ్చాయి. ఆ రెండు మూడు తప్పయినవే నాకు ఎక్కువ పనికొచ్చాయి. "సుమారు" అంటే ఏమిటో వాటితోనే అర్థమైంది.

అప్పటి నుంచి నేను చేసింది ఒక్కటే పని. నోట్‌బుక్కులో పేజీ మధ్యకు గీత. ఎడమ పక్క "రాయి చెప్పింది", కుడి పక్క "మనం అనుకున్నది". నేను నోరు మూసుకుంటాను. ఇరవై నిమిషాలు వాళ్ళు చూస్తారు, రాస్తారు. కలమల్లలో ఎడమ పక్కకు వచ్చింది చాలా తక్కువ. ధనంజయుడు అనే పేరు, "రేనాణ్డు ఏళన్" అంటే రేనాడును ఏలుతుండగా అని, ఇంకో రెండు మాటలు. రాయి పగిలి కొంత పోయింది. చోళుడు ఎట్లా ఉండేవాడు, మంచివాడా, యుద్ధాలు చేశాడా, ఇవన్నీ కుడి పక్క. అయితే రేనాడు అనే మాట దగ్గర ఒకడు ఆగిపోయాడు. "సార్, ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని రేనాటి వీరుడు అంటారు గదా, ఆ రేనాడేనా?" ఆ రేనాడేరా. 1847లో కోయిలకుంట్లలో ఉరితీసిన మనిషి బిరుదుకూ ఈ రాతికీ మధ్య పన్నెండు వందల ఏళ్ళకు పైగా ఉంది, మాట మాత్రం పోలేదు. వాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

లెక్కల సార్‌కు కూడా ఒక పాఠం ఉంది, ఆయన పీరియడ్ వాడుకోవచ్చు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల శాసనం. శక 1211, విరోధి సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్ళారని, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే సేవకుడు దేవుడికి భూమి ఇచ్చాడు. శకానికి 78 కలిపితే 1289. సరిచూసుకోవాలంటే 2009 ఉగాదికి వచ్చింది విరోధి. అరవైలు తీసేస్తూ వెళ్ళండి, పన్నెండోసారికి 1289 దగ్గర తేలతారు. తొమ్మిదో తరగతి పిల్లలు తాము పుట్టిన సంవత్సరం పేరు కనుక్కుని, అదే పేరు ఏ రాజు కాలంలో వచ్చిందో వెతుకుతారు, ఆపడం మన వల్ల కాదు.

పెద్ద రాణి ఎప్పుడు చనిపోయిందో మనకు చెప్పింది ఒక చిన్న నౌకరు వేయించిన రాయి. ఎట్లా చనిపోయిందో మాత్రం అది చెప్పదు. ఇంకో రాయి త్రిపురాంతకంలో ఉంది, 1290 నాటిది, రుద్రమ మీద తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడిది. ఈయన మన వల్లూరు నుంచి ఏలినవాడే, కడపకు పక్కనే. ఆ మల్లికార్జునుడి సప్తాంగాలు, అంటే రాజ్యానికుండే ఏడు అంగాలు, హరించానని అందులో గొప్పలు చెప్పుకున్నాడు. రెండు రాళ్ళ నకళ్ళు పక్కపక్కన పెట్టి "ఏం జరిగింది?" అని అడగండి. రుద్రమ యుద్ధంలో చనిపోయిందని అందరూ రాస్తారు. అప్పుడు అడగండి, ఇది ఎడమ పక్కా, కుడి పక్కా? నా క్లాసులో ఒకసారి దీని మీద కొట్టుకున్నంత పని చేశారు.

మీ గండికోట గురించి. నీళ్ళ గురించి అడిగిన ఆ పిల్లోడి ప్రశ్న ఒక్కటి పట్టుకుని మళ్ళీ పోండి. మసీదు, గుడి, జైలు అన్నీ వద్దు. నీళ్ళు మాత్రమే. కోట లోపల రాయల చెరువు ఉంది, కత్తుల కోనేరు ఉంది. వాన పడితే నీళ్ళు ఏ పక్క నుంచి వాటిలోకి దిగుతాయో నడిచి చూడమనండి, అక్కడి నుంచి ధాన్యాగారానికి ఎన్ని అడుగులో లెక్కపెట్టమనండి. కోనేట్లో కత్తులు కడిగితే నీళ్ళు ఎర్రబడ్డాయని చెప్తారు. చుట్టూ మట్టి ఏ రంగో చూసి, ఆ మాట ఏ పక్క రాయాలో వాళ్ళే చెప్తారు.

శాసనాల పిచ్చోడు, కడప

సార్ చెప్పినదానికి నేను కలిపేది ఏం లేదు, ఆ గుడి వెనక రాయి గురించి మాత్రం చెప్తాను. పద్నాలుగేళ్ళుగా సెలవుల్లో ఇదే నా పని.

మేడమ్, సూర్యుడు, చంద్రుడు ఉంటే అది చాలావరకు దానశాసనం. ఆచంద్రార్కం అంటారే, సూర్యచంద్రులు ఉన్నంత కాలం ఈ దానం చెల్లుతుందని. నిధి వేటగాళ్ళకు ఆ బొమ్మలే దారి గుర్తులుగా కనిపిస్తాయి, అదే ఖర్మ. మళ్ళీ తవ్వితే వీఆర్వోకు చెప్పి రాతపూర్వకంగా పెట్టండి.

దయచేసి దాని మీద సుద్దముక్క రుద్దొద్దు. పసుపు, నూనె, పిండి ఏదీ వద్దు. నాచు ఉన్నా గీకొద్దు. గుడి బాగుచేస్తామని సున్నం కొట్టేవాళ్ళు, ఆయిల్ పెయింట్ వేసేవాళ్ళు ఉంటారు, వాళ్ళకు ముందే చెప్పి పెట్టండి. ఒక ఊళ్ళో నేను ఒక ఏడాది చదివిన రాయి మరుసటి ఏడాదికి సిల్వర్ పెయింట్‌తో మెరిసిపోతా ఉంది. పూజారి చాలా సంతోషంగా చూపించాడు.

చదవాలంటే పొద్దు గుంకాక పోండి. ఒకరు టార్చిలైటు పట్టుకుని పక్క నుంచి, రాతికి దాదాపు ఆనించినట్టు వెలుగు వేయాలి. ఎదురుగా వేస్తే ఏమీ కనిపించదు. పక్క వెలుగులో ప్రతి గీతకూ నీడ పడుతుంది, పగలు గీతల్లాగా ఉన్నవి అక్షరాలుగా లేచి వస్తాయి. పిల్లలు కేక పెడతారు చూడండి. వెలుగు నాలుగు పక్కల నుంచి వేసి నాలుగు ఫోటోలు తీయండి. స్కేలు పక్కన పెట్టడం మర్చిపోవద్దు.

అసలైన పద్ధతిలో అయితే తడి కాగితం రాతికి పరిచి, బ్రష్‌తో తట్టి తట్టి అక్షరాల లోపలికి దిగేదాకా కొట్టి, పైన నల్ల సిరా అద్దుతారు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు వస్తాయి. అది అనుమతితో, తెలిసినవాళ్ళు చేసే పని, మీరు చేయొద్దు. ఫోటోలు మైసూరులో కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్‌ఐ) శాసన విభాగానికి పంపితే చదివి చెప్తారు. దానికంటే ముందు రాష్ట్ర పురావస్తు శాఖ వేసిన కడప జిల్లా శాసనాల సంపుటాల్లో మీ ఊరి పేరు ఉందేమో చూడండి. చదివేసి ఉన్నా పిల్లలకు ముందే చూపించొద్దు.

ఇంకొకటి, అంకెలు. విజయనగర కాలం శాసనమైతే అంకెలు తెలుగు అంకెలే ఉంటాయి. ౧, ౨, ౩. మన పిల్లలకు అవి రావు, మనకూ రావు. పోయే ముందు ఒక పీరియడ్ అవి నేర్పండి. అక్షరాలు రాకపోయినా అంకెలు దొరుకుతాయి.

తెలుగు పంతులు, నకిరేకల్

చందుపట్ల పేరు ఇక్కడ కనబడితే సంబురమైంది. మా బడి నుంచి దగ్గరే. మా పిల్లలకు నేను చూపించిన మొదటి ఆధారం మాత్రం అది కాదు, మా బడి అడ్మిషన్ రిజిస్టర్. తొలి పుస్తకం అట్ట ఊడిపోయి, దారంతో కట్టి బీరువా అడుగున ఉండె. తండ్రి వృత్తి అనే గడి ఒక్కటి చూడమన్న. నేత, కుండలు, వ్యవసాయం, పాలేరు. ఆడపిల్లల పేర్లు ఏ సంవత్సరం నుంచి మొదలైనయో, మధ్యలో ఎందుకు ఆగినయో లెక్క తీసిన్రు. బడి మానేసిన కారణం అనే గడిలో "పశువులు కాయుటకు" అని ఉంది. ఒక పిల్ల అది చూసి మా తాత పేరు సార్ అన్నది. క్లాసంతా సప్పుడు లేదు.

ఒక్క జాగ్రత్త. కులం గడి కప్పేసి జిరాక్స్ తీయండి. నేను మొదటిసారి కప్పలేదు, ఒక పిల్లగాడు రెండు రోజులు బడికి రాలేదు. అది నా తప్పే.

సోషల్ మేడమ్, జమ్మలమడుగు

చాలా చాలా థాంక్స్ అందరికీ. సార్, ఒక అనుమానం. మీర్ జుమ్లా దగ్గరికి వచ్చిన ఫ్రెంచ్ వర్తకుడు టావెర్నియర్ గండికోట గురించి రాశాడని విన్నాను. అందులో విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోసిన మాట ఉందట. మా క్లాసులో అన్ని ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. అది చెప్పాలా, వదిలేయాలా? నాకు టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ సోషల్ సార్, ప్రొద్దుటూరు

చెప్పాలమ్మా. వదిలేస్తే వాట్సాప్‌లో వేరే రకంగా వస్తుంది, అప్పుడు మీరు పక్కన ఉండరు.

టావెర్నియర్ వచ్చింది 1652లో. నగల వ్యాపారి. సరుకు గోల్కొండ సుల్తానుకు చూపించే ముందు మీర్ జుమ్లాకు చూపించాలి, అందుకని కోట ఎక్కాడు. కొండ అంచున ఇరుకు దారి, పక్కన లోయ, అది తన కళ్ళతో చూసింది. ఫిరంగుల సంగతి మాత్రం అక్కడ పనిచేసే ఫ్రాన్సు పోతపనివాడు ఒకడి ద్వారా తెలిసింది. గుళ్ళలోని రాగి విగ్రహాలు పోగుచేయించి, ఇరవై ఫిరంగులు పోయమన్నాడని, గండికోట గుడిలోవి ఎంతకీ కరగలేదని, చివరికి ఒక్క ఫిరంగి కూడా సరిగ్గా రాలేదని.

నేను ఒక పేజీ జిరాక్స్ ఇచ్చి రెండు రంగులు పెట్టమన్నాను. కళ్ళతో చూసిందానికి నీలం, విన్నదానికి ఎరుపు. కొండ దారి మొత్తం నీలం, ఫిరంగుల కథ మొత్తం ఎరుపు. మతం మాటతో నేను మొదలుపెట్టలేదు. "ఫిరంగికి రాగి కావాలి, రాగి ఎవరి దగ్గర ఎక్కువ ఉంటుంది?" అని మొదలుపెట్టాను. గుళ్ళు అని వాళ్ళే అన్నారు. దాచలేదు, అది అన్యాయమనీ చెప్పాను. ఒకడు లేచి, పని చెడగొట్టుకున్న పోతపనివాడు కరగలేదని సాకు చెప్పుండొచ్చు గదా సార్ అన్నాడు. వాడి నాయనది వెల్డింగ్ షాపు. నాకు ఇరవై ఏళ్ళు ఆ ఆలోచన రాలేదు.

కడప వెళ్తే సి.పి.బ్రౌన్ గ్రంథాలయంలో మీ ఊరి కైఫీయతు అడగండి. రెండు వందల ఏళ్ళ కిందట కర్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర దండకవిలెలు (ఊరి పాత లెక్కల పుస్తకాలు) చూసి రాయించుకున్నవి. కడప జిల్లావి అచ్చయి ఉన్నాయి. అడవి కొట్టి ఊరు కట్టిన కథ, చెరువు ఎవరు తవ్వించారు, ఎవరికి ఏ ఇనాం, అన్నీ ఉంటాయి. కరణం తన ఇనాం గురించి తానే చెప్పుకునేటప్పుడు కాస్త పెంచుతాడు, అది కూడా పిల్లలే పట్టుకోవాలి.

సోషల్ మేడమ్, జమ్మలమడుగు

మూడు వారాల తర్వాత రాస్తున్నా. గండికోటకు మళ్ళీ పోవడం ఇంకా కుదరలేదు, పర్మిషన్ ఫైలు తిరుగుతా ఉంది. గుడి వెనక రాయి దగ్గరికి మాత్రం పోయిన శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు పదకొండు మందితో పోయాను. ఊళ్ళో సగం మంది వెంట వచ్చారు, నిధి తీస్తారేమోనని.

టార్చి పక్క నుంచి వేయగానే అక్షరాలు లేచాయి. నిజంగానే కేక పెట్టారు. మొదట "శ్రీ" దొరికింది. తర్వాత అంకెలు. ౧, ౪, ౪, నాలుగోది రాయి పెచ్చు లేచి పోయింది. ఆ పెచ్చు కిందికీ పాకి, రెండో వరసలో సంవత్సరం పేరు మొదలును కూడా తినేసింది. మిగిలింది "భాను" ఒక్కటే. రాజు పేరు ఉండాల్సిన కింది వరసలు సిమెంటు అరుగులో కూరుకుపోయాయి.

ఇంటికి పోయి పంచాంగం తిరగేసి వాళ్ళే తెచ్చారు. చిత్రభాను, స్వభాను రెండూ పక్కపక్క సంవత్సరాలు, శక 1444, 1445. అంటే 1522 గానీ, 1523 గానీ. "కృష్ణదేవరాయలు వేయించాడు మేడమ్!" అని మగపిల్లలు ఒకటే గోల. ఒక పాప ఆ మాట నోట్‌బుక్కులో కుడి పక్క రాసి, దాని చుట్టూ సున్న చుట్టింది.

ఇప్పుడు గొడవ చిత్రభానా, స్వభానా అని. నీళ్ళ గురించి అడిగిన ఆ పిల్లోడే, పోయిన చోటు ఎంత వెడల్పుందో కొలిస్తే తెలుస్తుంది మేడమ్ అన్నాడు. చిత్ర అయితే రెండక్షరాలు పట్టాలి, స్వ అయితే ఒకటే. రేపు స్కేలు పట్టుకుని మళ్ళీ పోతున్నాం. లెక్కల సార్ కూడా వస్తానన్నారు, మా స్కూల్ సార్ లెండి, పులివెందుల సార్ కాదు.